పెదవి కదలని పలుకు

మా మామగారు ముప్ఫయ్యారేళ్ళు బళ్ళో తెలుగు పాఠం చెప్పారు. ఆయన పద్యం ఎత్తుకుంటే వీధి చివర కిరాణా కొట్టు దాకా వినబడేదని ఊళ్ళో చెప్పుకునేవారు. అటువంటి మనిషికి ఒకనాటి తెల్లవారుజామున పక్షవాతం వచ్చింది. పక్షవాతమంటే మనందరికీ తెలిసిన బాపతు ఒకటి ఉన్నది గదా! ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవటం, మూతి వంకరపోవటం, మూడు నెలలు మర్దనాలయ్యాక కర్ర పుచ్చుకొని వసారాలో పచార్లు చేయటం. ఇది ఆ బాపతు కాదు. మెదడు కిందికి దిగి వెన్నుపాముతో కలిసే కాండం ఒకటి ఉంటుంది, వేలెడు పొడుగున. సరిగ్గా అక్కడ రక్తం గడ్డకట్టింది. చేతులూ, కాళ్ళూ, నాలుకా, పెదవులూ అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. మిగిలినవల్లా కనురెప్పలు, కళ్ళను పైకీ కిందికీ తిప్పగల పాటి శక్తి.

మొదటి వారం మేమంతా ఆయనకు స్పృహ లేదనే అనుకున్నాము. మంచం పక్కనే కూర్చొని అనగూడని మాటలు కూడా అన్నాము. ఎనిమిదోనాడు డాక్టరుగారు, “మీ మాటలన్నీ ఆయనకు వినపడుతున్నాయి, అర్థమవుతున్నాయి. జాగ్రత్తగా మాట్లాడండి” అన్నారు. లోపల మనిషి ఉండగానే బయట తాళం పెట్టిన ఇల్లు ఎలా ఉంటుందో అలా ఉంటుందట ఈ స్థితి. ఇంగ్లీషు వైద్యులు దీనిని పిలిచే పేరు కూడా అటువంటిదే, లాక్డ్ ఇన్ అని.

ఆ సాయంత్రం నుంచి నా భార్య వర్ణమాల మొదలుపెట్టింది. ఆమె అక్షరాలు వరసగా చదువుతూ పోతుంది, కావలసిన అక్షరం రాగానే ఆయన రెప్ప మూస్తారు. హల్లు దొరికాక మళ్ళీ గుణింతం చదవాలి. అలా మొదటి రోజున తేలిన మొదటి మాట “పాలు”. అమ్మయ్య, నాన్నకు ఆకలి వేస్తున్నదని ఆమె సంబరంగా గ్లాసుడు పాలు చల్లార్చి, ముక్కులోని గొట్టంలో పోయబోయింది. ఆయన కళ్ళు కిందికీ పైకీ గింగిరాలు తిరుగుతున్నాయి. ఎందుకో తెలియదు. ఇంతలో వంటింట్లోంచి చుయ్‌మని చప్పుడు, మాడు వాసన! పొయ్యి మీద పెట్టి మరచిన పాలు పొంగి నేల పాలవుతున్నాయి. ఆ సంగతి ఇంట్లో అందరికన్న ముందు కనిపెట్టినవాడు మంచంలో కట్టెలా పడి ఉన్న మనిషి! ఆ పూట ఇంటిల్లిపాదీ నవ్వాము. ఆయన కళ్ళు కూడా నవ్వాయనే నా భార్య ఈనాటికీ అంటుంది.

అలా ఏడాదిన్నర గడిచింది. మా ఇంట్లో చదివినంతగా ఆ ఏడాదిన్నరలో ఏ బళ్ళోనూ వర్ణమాల చదివి ఉండరు. ఒక్క వాక్యానికి పావుగంట పట్టేది. సగం వాక్యంలోనే మేము తొందరపడి తక్కినది ఊహించి చెప్పేసేవాళ్ళం. ఆయన తప్పు దిద్దే ఓపిక లేక రెప్ప మూసేసేవారు. అది అవునో, విసుగో, తెలిసేది కాదు.

ఫ్రాన్సులో ఝాఁ దొమినిక్ బొబీ అనే పత్రికా సంపాదకుడికి 1995 డిసెంబరులో ఇదే గతి పట్టింది. ఆయన ఎడమ రెప్ప ఒక్కటే ఆడించి, ఒక్కొక్క అక్షరమే చెప్పి ఏకంగా పుస్తకం వ్రాయించాడు. 1997 మార్చిలో ఆ పుస్తకం వెలువడిన కొద్దినాళ్ళకే కన్నుమూశాడు. అంతటి ఓపిక లోకంలో ఎందరికి ఉంటుంది? వ్రాసుకునేవాళ్ళకు మాత్రం ఎందరికి ఉంటుంది?

ఈ రెప్పల బాధ ఏమీ లేకుండా నేరుగా మెదడునే అడిగి మాట రాబట్టవచ్చునా? ఈ ప్రశ్నకు ఇప్పుడు జవాబు వచ్చింది. వచ్చును. ఆ సంగతులు ఏ యేడు దాకా వచ్చాయో, ఎక్కడ ఆగాయో చదువరులకు చెబుదామనే ఈ వ్యాసం. నేను వైద్యుణ్ణి కాను, తెలుగు చెప్పుకుని బ్రతికేవాణ్ణి. ఇల్లు కాలినవాడు అగ్గిపుల్ల గురించి చదివినట్టు నేనీ విషయం చదివాను.

సంతలో గొంతులు

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయని లెక్క తేల్చారు. ఇవి ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష విద్యుత్తు. కణం ఒకటి సెకనులో వెయ్యోవంతు కాలం చిటుక్కుమంటుంది, ఊరుకుంటుంది, మళ్ళీ చిటుక్కుమంటుంది. ఈ చిటుకుల వరసలోనే ఉన్నది మనం చెయ్యెత్తటం, నమస్కరించటం, అబద్ధమాడటం అన్నీను.

జర్మనీలో యేనా నగరంలో హాన్స్ బెర్గర్ అనే వైద్యుడు 1924లో మొదటిసారి మనిషి తల మీద తీగెలు అంటించి ఈ విద్యుత్తును కాగితం మీదికి ఎక్కించాడు. అయిదేళ్ళు తర్జనభర్జన పడి 1929లో గాని లోకానికి చెప్పలేదు. ఈనాడు మూర్ఛ వచ్చిన పిల్లలకు ప్రతి పెద్ద ఊళ్ళోనూ తీసే ఇ.ఇ.జి. ఆయన పెట్టిన భిక్షే. కాని తల పైనుంచి వినటంలో ఒక ఇబ్బంది ఉన్నది. మంగళవారం సంత జరుగుతుంటే పొలిమేరలో నిలబడి వినండి. సంత జరుగుతున్నదని తెలుస్తుంది. రద్దీగా ఉన్నదో పలచగా ఉన్నదో తెలుస్తుంది. గొడవ జరిగితే అదీ తెలుస్తుంది. వంకాయల అవ్వ శేరు ఎంతకు చెబుతున్నదో మాత్రం తెలియదు. ఆ ధర కావాలంటే సంతలోకి దిగి అవ్వ బుట్ట పక్కన నిలబడవలసిందే. అంటే కపాలం తెరచి, మెదడు మీదనో మెదడులోనో తీగెను నిలపవలసిందే.

అలా నిలిపి చూసిన తొలి ప్రయోగాలలో నాకు బాగా నచ్చినది ఎబర్హార్డ్ ఫెట్స్ అమెరికాలోని సియాటిల్‌లో చేసి 1969లో ప్రకటించినది. కోతి మెదడులో ఒకే ఒక్క కణం పక్కన సన్నని తీగె పెట్టాడు. ఆ కణం జోరుగా చిటుక్కుమంటే కోతి ఎదురుగా ఉన్న మీటరు ముల్లు జరుగుతుంది, ముల్లు గీత దాటితే అరటిపండు రుచి గుళిక వస్తుంది. కోతి కొద్దిసేపట్లో కిటుకు పట్టేసింది. చెయ్యి కాదు, కాలు కాదు, కేవలం తన మెదడులోని ఒక కణాన్ని తానే ఆడించి గుళికలు సంపాదించుకున్నది! తపస్సు చేసి చిత్తాన్ని అదుపులో పెట్టినవారి కథలు మనకు చాలా ఉన్నాయి. అరటిపండు కోసం చేసిన తపస్సు ఇదొక్కటేనేమో.

1973లో జాక్ విదాల్ అనే శాస్త్రవేత్త ఈ రంగానికి పేరు పెట్టాడు, బ్రెయిన్ కంప్యూటర్ ఇంటర్‌ఫేస్ అని. మనం మెదడు–యంత్ర వారధి అనుకుందాం. తరువాత యూటా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ నార్మన్ ఒక పరికరం చేశాడు. కందిపప్పు బద్ద అంత చదరపు పలక, నాలుగు మిల్లీమీటర్లు పొడుగు, నాలుగు వెడల్పు. దాని మీద పదేసి చొప్పున పది వరసల సూదులు, ఒక్కొక్కటి మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర. మెదడు పైపొరలో దీనిని గుచ్చుతారు. గుచ్చటమనగానే ఒళ్ళు జలదరిస్తుంది గాని, మెదడుకు నొప్పి తెలియదు. శరీరమంతటి నొప్పినీ తెలుసుకునే మెదడుకు తన నొప్పి తనకు తెలియకపోవటం ఒక వింత.

చెయ్యి లేకనే చెయ్యి

మాథ్యూ నేగెల్ మాసచూసెట్స్ కుర్రవాడు, బళ్ళో ఫుట్‌బాల్ ఆటగాడు. 2001 జూలైలో ఒక తగువులో స్నేహితుడికి అడ్డం వెళ్ళి మెడ మీద కత్తిపోటు తిన్నాడు. వెన్నుపాము తెగింది. మెడ కింద ఏమీ కదలదు. 2004 జూన్‌లో, అంటే మూడేళ్ళకు, ఆ కందిబద్దను అతని మెదడులో, చేతిని ఆడించే భాగంలో అమర్చారు.

అందరికీ ఉన్న అనుమానం ఒక్కటే. మూడేళ్ళుగా చెయ్యి కదలలేదు గదా! చేతిని ఆడించే కణాలు ఇంకా పని చేస్తుంటాయా? కౌలుదారు లేని పొలంలా బీడు పడి ఉండవా? బీడు పడలేదు. చెయ్యి కుడికి జరపాలనుకో అనగానే కణాలు చిటుక్కుమన్నాయి. మెదడు ఉత్తరాలు వ్రాస్తూనే ఉన్నది, తపాలా దారి తెగిపోయింది, అంతే. వైద్యులకు అంతకంటె పెద్ద వార్త ఏముంటుంది? అతడు తెర మీద గుర్తును జరిపి ఈమెయిల్ తెరిచాడు, టెలివిజన్ తిప్పాడు, కృత్రిమ హస్తాన్ని మూసి తెరిచాడు. ఇవన్నీ పక్కవారితో కబుర్లు చెబుతూనే చేశాడు. 2006 జూలైలో ఈ వివరాలు ‘నేచర్’ పత్రికలో వెలువడ్డాయి. పలకను ఏడాది పైచిలుకు ఉంచుకుని తీయించుకున్నాడు. 2007లో రక్తంలో విషం చేరి చనిపోయాడు. అప్పటికి పలక తలలో లేదు.

ఆ తరువాతి కథ కాథీ హచిన్సన్‌ది. ఈమెకు వచ్చింది మా మామగారికి వచ్చిన రకమే, మెదడు కాండంలో పక్షవాతం, 1996లో. 2005లో పలక అమర్చారు. 2011 ఏప్రిల్‌లో ఒకనాడు బల్ల మీద కాఫీ సీసా పెట్టి, పక్కన ఇనుప చెయ్యి పెట్టి, ఈమె తలలోని పలకను దానికి కలిపారు. ఆమె తలచుకున్నది. చెయ్యి కదిలింది, సీసా పట్టుకున్నది, నోటి దగ్గరకు తెచ్చింది, గొట్టం పెదవులకు అందేటట్టు వంచింది. ఆమె త్రాగింది. మరొకరి చేతి సాయం లేకుండా పదిహేనేళ్ళలో తొలిసారి త్రాగిన గుక్క అది. ఆరుసార్లు ప్రయత్నిస్తే నాలుగుసార్లు కుదిరింది. ఆ చలనచిత్రం నేను చూశాను. సీసా మళ్ళీ బల్ల మీద పెట్టాక ఆమె ముఖాన విరిసిన నవ్వు చూడాలి. ఉదయం కాఫీ ఆలస్యమైతే ఇల్లు కంపరమెత్తించే మగమహారాజులందరికీ ఆ చిత్రం చూపించాలి. అందులో నేనూ ఒకణ్ణే.

ఆమెకు పలక అమర్చి అప్పటికి అయిదేళ్ళు దాటింది. ఇది గమనించదగ్గ విషయం. ఎందుకంటే శరీరం ఈ సూదులను చుట్టం అనుకోదు, ముల్లు అనుకుంటుంది. చుట్టూ మచ్చ కడుతుంది, సంకేతాలు సన్నగిల్లుతాయి. పైగా పాత రకం పరికరాలలో కపాలంలోంచి బయటకు ఒక గుబ్బ పొడుచుకు వస్తుంది, దానికే తీగెలు తగిలిస్తారు. అక్కడ చర్మం ఏళ్ళ తరబడి తెరిపి. చీము పట్టే భయం ఎప్పుడూ పొంచి ఉంటుంది. 2024 జనవరిలో ఒక అమెరికను యువకుడికి అమర్చిన న్యూరాలింక్ పరికరం పూర్తిగా చర్మం కింద ఉండేది, 64 దారాల మీద 1,024 స్పర్శస్థానాలు. పత్రికలన్నీ దాని గురించే వ్రాశాయి. అయితే కొన్ని వారాలకే దారాలలో ఎక్కువ భాగం మెదడులోంచి బయటకు జరిగిపోయాయి. లెక్కకట్టే పద్ధతి మార్చి మళ్ళీ పని చేయించారు గాని, మెదడు మన బట్టలో కుట్టు వేసినట్టు వేయించుకునే పదార్థం కాదని తెలిసింది. ఆస్ట్రేలియాలో టామ్ ఆక్స్లీ బృందం కపాలం తెరవనే తెరవకుండా మెడలోని రక్తనాళం గుండా వల వంటి చిన్న గొట్టాన్ని మెదడు దాకా పంపారు. 2019లో మొదలైన ఈ పద్ధతి సులువే, కాని అవ్వ బుట్ట దగ్గరకు కాక సంత వీధి మొదటి దాకానే చేరుతుంది.

మాట వరస

చెయ్యి సంగతి అలా ఉంచండి. మంచంలో ఉన్న మనిషికి అన్నిటికన్న ముందు కావలసింది మాట. ఏది నొప్పో, ఏది దాహమో, ఎవరు వచ్చినందుకు సంతోషమో చెప్పుకోవటం.

స్టాన్‌ఫర్డ్‌లో కృష్ణ షెనాయ్ అనే భారత సంతతి శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 2021లో ఒక చమత్కారం చేశారు. మెడ కింద చచ్చుబడిన 65 ఏళ్ళ మనిషిని, చేతిలో కలం ఉన్నట్టు ఊహించుకుని అక్షరాలు వ్రాయమన్నారు. ఆయన మెదడులోని కదలికలను బట్టి యంత్రం ఆ అక్షరాలను గుర్తించింది, నిమిషానికి 90 అక్షరాల వేగంతో. ఆ వయసువాళ్ళు సెల్‌ఫోనులో కొట్టే వేగానికి ఇది ఇంచుమించు సమానం. ఈ మేధావి 2023 జనవరిలో, 54వ ఏట కాన్సరుతో పోవటం ఈ రంగానికి పెద్ద దెబ్బ.

అక్షరాల తరువాత మాట. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ కేంద్రంలో 2023 జూలైలో కేసీ హారెల్ అనే 45 ఏళ్ళ వ్యక్తికి నాలుగు పలకలు అమర్చారు, మొత్తం 256 సూదులు. ఆయనకు ఎ.ఎల్.ఎస్. వ్యాధి. స్టీఫెన్ హాకింగ్‌కు వచ్చినదే. కండరాలను ఆడించే నాడులు ఒక్కొక్కటే ఎండిపోతాయి, బుద్ధి మాత్రం నిలిచి ఉంటుంది. హారెల్ మాట అప్పటికే ముద్దయిపోయింది, అలవాటైనవారికి తప్ప అర్థం కాదు. పరికరాన్ని కంప్యూటరుకు కలిపి, మాటలు అనటానికి ప్రయత్నించమన్నారు. మొదటి రోజు యాభై మాటల పట్టికతో నూటికి 99కి పైగా సరిగ్గా వచ్చాయి. తాను అనబోయిన మాటలు తెర మీద కనబడేసరికి ఆయన కన్నీళ్ళు పెట్టుకున్నాడు. రెండవ రోజు పట్టికను 1,25,000 మాటలకు పెంచారు, నూటికి 90. తరువాత తరువాత 97 దాటింది. పైగా జబ్బు రాకముందు రికార్డయి ఉన్న ఆయన గొంతునే నమూనాగా తీసుకుని, యంత్రం ఆ మాటలను ఆయన గొంతుతోనే పైకి చదివింది. చీతాపులి వేషం వేసుకున్న చిన్నారి కూతురితో, తాను చీతాపులి కోసం వెతుకుతున్నానని హాస్యమాడాడట. ఒక తండ్రికి అంతకంటె ఏం కావాలి?

ఇది ఎలా పని చేస్తుందో తెలుసుకుంటుంటే తెలుగు పంతులు ప్రాణం లేచివచ్చింది. యంత్రం ఆయన ఆలోచన చదవదు. మాట అర్థమూ చదవదు. అది చదివేది నాలుక ఎక్కడ తగలబోతున్నది, పెదవులు మూతపడబోతున్నాయా, దవడ ఎంత దిగబోతున్నది, కంఠం నాదమిస్తున్నదా లేదా అనే ఆజ్ఞలను. అంటే కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అని మనం మొదటి తరగతిలో నేర్పే విభాగమే! సాన్‌ఫ్రాన్సిస్కోలో ఎడ్వర్డ్ చాంగ్ బృందం 2013లో మెదడు పైపొరలో పెదవికి, నాలుకకు, దవడకు, కంఠానికి వేర్వేరు తావులున్నాయని, ధ్వనులు వాటి వాటి ఉత్పత్తిస్థానాలను బట్టి అక్కడ గుంపులు కడుతున్నాయని చూపించింది. మన పూర్వులకు ఇదంతా ముందే తెలుసునని నేను అనను. వారికి సూదులూ లేవు, కంప్యూటర్లూ లేవు. కాని తమ నోటిలో తామే నాలుకను వెంబడించి వారు వేసిన పట్టిక, మెదడు వేసుకున్న పట్టికకు ఇంత దగ్గరగా ఉండటం చూస్తే ముచ్చట కలగక మానదు.

యంత్రం సెకనులో పన్నెండో వంతుకొకసారి ఇది ఏ ధ్వని కావచ్చునో అంచనా కడుతుంది. ఆ పట్టికలో 39 ధ్వనులున్నాయి, ఇంగ్లీషువి. తరువాత లక్షా పాతికవేల మాటల నిఘంటువును ముందు పెట్టుకుని, ఈ ధ్వనుల వరసకు ఏ మాటలు కుదురుతాయో, ఏ మాట పక్కన ఏ మాట వస్తే వాక్యమవుతుందో ఎంచుకుంటుంది.

ఇక్కడే నా మనసు మా మామగారి మంచం దగ్గరకు పోయింది. ఇంగ్లీషువాడికి “గో” అనే మాటకు నాలుగయిదు రూపాలుంటే చాలును. మన “వెళ్ళు”కు? వెళ్ళాను, వెళ్ళలేదు, వెళ్ళేవాణ్ణే, వెళ్ళకపోయినా, వెళ్ళొద్దామనుకుంటున్నాను. ఇదంతా ఒకటే మాటగా పలుకుతాము. దీనికి తోడు సంధులు. లక్షా పాతికవేల మాటల డబ్బాలో తెలుగు పట్టదు, ధాతువులు వేరు, ప్రత్యయాలు వేరు చేసి పెట్టుకోవాలి. కల, కాల, కల్ల అనే మూడింటిలో నాలుక చేసే పని ఇంచుమించు ఒకటే, కాలవ్యవధిలోనే తేడా. పొరబడితే కల కాస్తా కల్ల అయిపోతుంది. కనుక తెలుగు రోగికి ఈ పరికరం అక్కరకు రావాలంటే శస్త్రవైద్యుడి పక్కన వ్యాకర్త కూడా కూర్చోవాలి. తెలుగు ఎం.ఏ. ఎందుకూ కొరగాదనే తలిదండ్రులు ఈ సంగతి కాస్త మనసులో పెట్టుకోవాలి.

నిరాశ పడనక్కరలేదనటానికి ఒక దృష్టాంతం ఉన్నది. చాంగ్ బృందమే 2024లో, స్పానిష్ మాతృభాషగా ఉండి పెద్దయ్యాక ఇంగ్లీషు నేర్చిన ఒక రోగి చేత రెండు భాషలూ పలికించింది. రెండు భాషలకూ మెదడులో రెండు గదులు లేవు, చాలా వరకు అదే తావు, అవే కదలికలు. నోరు ఒక్కటే గదా!

ఇక స్వరం. “సరే” అనే మాటను మన ఇళ్ళల్లో ఎన్ని విధాల అంటారో లెక్కించండి. ఒప్పుకున్నందుకు సరే, కోపమొచ్చి సరే, ఇక నీ ఇష్టమని సరే. అక్షరాలుగా వ్రాస్తే మూడూ ఒకటే. ఈ లోపం డేవిస్ వారు గుర్తించారు. మైత్రేయి వైరాగ్‌కర్, సహచరులు 2025లో ప్రకటించిన పద్ధతిలో, యంత్రం మాటను వ్రాసి చదవదు, మెదడు సంకేతాన్ని సెకనులో నలభయ్యోవంతులో నేరుగా ధ్వనిగా మారుస్తుంది. దానితో ఆ రోగి ప్రశ్నను ప్రశ్నగా అడిగాడు, కావలసిన మాటను నొక్కి పలికాడు, చిన్న చిన్న రాగాలు తీశాడు. అర్థమవటంలో ఇంకా తడబాటున్నది, విన్నవారికి పది మాటలలో ఆరు మాత్రమే తెలిశాయి. అయినా ఎదుటివాడి మాట మధ్యలో అడ్డుపడే భాగ్యం ఆయనకు తిరిగి వచ్చింది. మామగారు పోగొట్టుకున్న వాటిలో పెద్దది అదేననుకుంటాను, మా మాటకు అడ్డు తగలటం.

ఇచ్చి పుచ్చుకునేవి

ఇంతవరకు చెప్పినవన్నీ మెదడు చెప్పేది వినే పరికరాలు. మెదడుకు చెప్పే పరికరాలు ఇంకా ముందే వచ్చాయి. చెవిటి పసివాళ్ళకు అమర్చే కాక్లియర్ పరికరం మన ఇళ్ళకు కొత్త కాదు. ఆరోగ్యశ్రీ పథకం కింద కూడా చాలామంది పిల్లలకు పెట్టారు. పార్కిన్సన్ జబ్బులో చేతి వణుకుకు, గ్రెనోబుల్‌లో బెనాబిద్ 1987లో మొదలుపెట్టిన చికిత్స ఉన్నది. మెదడు లోతున సన్నని తీగె దించి, ఛాతీ చర్మం కింద బ్యాటరీ పెట్టి నిరంతరం విద్యుత్తు పంపుతారు. హైదరాబాదు నిమ్స్‌లోనూ ఈ చికిత్స చేస్తున్నారు. 2025లో అమెరికాలో, ఐరోపాలో అనుమతి పొందిన కొత్తరకం పరికరం మెదడు సంకేతాలను వింటూ, అవసరాన్ని బట్టి విద్యుత్తును పెంచి తగ్గిస్తుంది. వినటం, చెప్పటం రెండూ ఒక్క పెట్టెలో చేరాయి.

మూర్ఛకూ ఇటువంటివి ఉన్నాయి. ఆ ప్రయత్నాలలో ఒకదాని వెనుక కథ చెప్పక తప్పదు. ఆస్ట్రేలియాలో ఒక మహిళకు చిన్ననాటి నుంచి మూర్ఛలు. ఎప్పుడు వస్తుందో తెలియక ఒంటరిగా బజారుకు పోయే ధైర్యం కూడా లేదు. 2010లో ఒక ప్రయోగంలో చేరితే, మూర్ఛ రాబోతున్నదని ముందే హెచ్చరించే పరికరం మెదడు మీద అమర్చారు. హెచ్చరిక రాగానే మందు వేసుకునేది. ఆమె బ్రతుకు మారిపోయింది. అయితే మూడేళ్ళకు కంపెనీ డబ్బయిపోయి మూతపడింది, పరికరాలు తీయించుకోమన్నారు. ఆమె, భర్త ఇల్లు తాకట్టు పెట్టి అయినా కొనుక్కుంటామన్నారు. వీలుపడలేదు. తీసివేశారు. తనలో ఒక భాగాన్ని కోసి పట్టుకుపోయినట్టు ఆమె బాధపడింది. కంటిలో అమర్చే పరికరం చేసిన ఒక అమెరికా కంపెనీ ఇలాగే చేతులెత్తేస్తే, లోకమంతటా మూడువందల యాభై మందికి పైగా అంధులు మరమ్మతు దిక్కులేక మిగిలారు.

అద్దె ఇల్లు ఖాళీ చేయమంటే చేస్తాము. తలలో ఉన్నది ఖాళీ చేయమంటే? ఈ పరికరం ఎవరిది, కంపెనీదా, రోగిదా? పాడైతే బాగుచేయించే పూచీ ఎవరిది? శాస్త్రజ్ఞుల గొప్పను ఎంత పొగిడినా తక్కువే గాని, ఈ పూచీకత్తు ముందుగా వ్రాసి ఇవ్వనిదే ఏ మనిషి కపాలం మీదా కత్తి పెట్టగూడదని నా అభిప్రాయం. చిలీ దేశం 2021లో మెదడు సమాచారాన్ని కాపాడాలని తన రాజ్యాంగంలోనే చేర్చుకున్నది. మన దగ్గర ఆ చర్చ మొదలవటానికి రోగులు పెరిగేదాకా ఆగనక్కరలేదు.

చదువరులలో ఆడవారికి ఈపాటికి ఒక సందేహం వచ్చి ఉంటుంది. మా ఇంట్లోనే వచ్చింది. “పైకి అనాలనుకున్నది సరే, మనసులో అనుకున్నది కూడా ఈ యంత్రం బయటపెట్టేస్తే?” అని. వెర్రి ప్రశ్న కాదు. 2025 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్ బృందం, నోరు కదిపే ప్రయత్నం లేకుండా లోలోపల అనుకున్న మాటను కూడా కొంతవరకు, మంచి సందర్భాలలో నూటికి 74 వరకు, పట్టవచ్చునని చూపించింది. దానితో పాటే తాళం కూడా వేసింది. రోగి ముందుగా మనసులో ఒక సంకేతపదం అనుకుంటే గాని యంత్రం లోపలి మాటను వినటం మొదలుపెట్టదు. ఆ సంకేతపదం చిట్టీ చిట్టీ బ్యాంగ్ బ్యాంగ్, పిల్లల కథల పుస్తకం పేరు. యంత్రం దానిని నూటికి 98 సార్లు సరిగ్గా గుర్తించింది. ఇది విని నా భార్య స్థిమితపడింది. నేనూ పడ్డాను.

ఈ మాట్లాడించే పరికరాలన్నీ 2025 నాటికి ప్రయోగదశలోనివే. పెద్ద ఆపరేషను, నెలల సాధన, పక్కన ఇంజనీర్లు. రేపు పొద్దున మన ఊరి ఆసుపత్రిలో దొరుకుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. డబ్బు కట్టమంటే అసలు నమ్మవద్దు.

ఆన్ జాన్సన్ అని కెనడాలో లెక్కల టీచరు ఉండేది. 2005లో, ముప్ఫయ్యో ఏట, చంటిబిడ్డ తల్లిగా ఉండగా పక్షవాతంతో మాట పోయింది. పద్ధెనిమిదేళ్ళు పోయింది. చాంగ్ బృందం ఆమె మెదడు పైన, గుచ్చకుండా, 253 స్పర్శస్థానాలున్న కాగితమంత పలుచని రేకును పరచి, నిమిషానికి 78 మాటలు పలికించింది. ఆ సంగతి 2023 ఆగస్టులో వెలువడింది. ఏ గొంతుతో పలికించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఆమె పెళ్ళినాటి వీడియో వెదికి తీశారు. అందులో ఆమె విందులో లేచి చేసిన ప్రసంగం ఉన్నది. ఆ కాసిన్ని మాటల నుంచే ఆమె గొంతును తిరిగి అల్లారు.

ఇది నేను చదివి వినిపించిన రాత్రి నా భార్య అటక మీది పెట్టె దింపించింది. మా పెళ్ళి క్యాసెట్టు మూడు గంటలు. వీడియో తీసినవాడు తన చాతుర్యమంతా చూపించి, పొడుగునా సినిమా పాటలు అతికించాడు. కన్యాదానం మీదా పాటే, తలంబ్రాల మీదా పాటే. మామగారు పెదవులు కదుపుతూ అటూ ఇటూ తిరుగుతుంటారు, మాట వినపడదు. రెండు గంటలు దాటాక, భోజనాల పంక్తిలో, ఒక పాట అయిపోయి మరొకటి మొదలవబోయే ఆ సందులో ఆయన గొంతు ఖంగుమని పలికింది: “ఆ మూల విస్తరికి నెయ్యి వేశారటోయ్?”

నాలుగు సెకన్లు. నా భార్య వెనక్కి తిప్పింది. మళ్ళీ విన్నది. మళ్ళీ తిప్పింది.